పైవరుస గూళ్ళలో దూది

మా అక్కకు పక్షుల శాస్త్రం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు మనశ్శాంతి. ఈ మధ్య మా దుకాణం మెట్లెక్కే ప్రతి ముగ్గురిలో ఒకరు, "పక్షుల మేడమ్ గారు ఉన్నారా అండీ?" అని అడుగుతున్నారు. ఒంటికాలి మీద లేస్తాను. ఇక్కడ మేడమ్ ఎవరూ లేరు నాయనా, పరుపులు కుట్టే మనిషి ఉంది, నలభై ఆరేళ్ళుగా కుడుతోంది, పరుపు కావాలంటే చెప్పు, లేకపోతే తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, చలిగాలి కొడుతోంది అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. పుస్తకాలు చదివి చేసిన పని వేరు, దూది దుమ్ములో కూర్చుని చేసిన పని వేరు. రెండోదానికి మొదటిదాని పేరు పెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఊళ్ళో అందరికీ ఆవిడ పరుపులక్క. మాది కొండవాలు మీద అంచెలంచెలుగా కట్టిన ఊరు. అడుగున కింది బజారు, మధ్యలో మా దుకాణం ఉన్న నడిమి వీధి, అక్కడి నుంచి మూడు వందల పన్నెండు మెట్లెక్కితే పైవరుస. కింది బజారులో చొక్కాతో తిరిగే రోజున పైవరుసలో రెండు స్వెట్టర్లు కావాలి. అందుకే చలికి కప్పుకునే రజాయి కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళను అక్క ముందు అడిగేది పేరు కాదు, ఏ వరుసలో ఉంటారని. కిందివాళ్ళకు మూడు కిలోల దూది, పైవాళ్ళకు ఆరు. కింది బజారు మనిషి ఎవరైనా ఉబలాటపడి ఆరు కిలోలది కుట్టమంటే, "చెమటలో ఉడికిపోతావు, మూడు చాలు" అనేసి కత్తెర అందుకుంటుంది. అంతే, బేరం అయిపోయినట్టే.

చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాత చదువంతా అరచేతిలోనే. కుట్టు పూర్తయ్యాక రజాయి మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుతుంది. "ఎడమ మూల పలచబడింది" అంటుంది. విప్పి చూస్తే పలచబడే ఉంటుంది. వెనక గదిలో దూది ఏకే యంత్రం తిరుగుతుంటే నూగు లేచి ఆవిడ కనుబొమలు, జుట్టు, చీర అంచు అన్నీ తెల్లబడిపోతాయి. ముప్పై ఏళ్ళప్పుడే ముసలమ్మలా ఉండేది. ఇప్పుడు అరవై నాలుగు, అలాగే ఉంది. ఆ విషయంలో నాకు కొంచెం కుళ్ళు కూడా.

దుకాణంలో ఆవిడ పని కుట్టడం, నా పని మాట్లాడటం. మా నాన్న పోయేముందు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చేసిన పంపకం ఇది. ఆయనకు మా సంగతి బాగా తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ నోట్లోంచి మాట పెకలించాలంటే గునపం కావాలి.

ఆవిడకు గూళ్ళ పిచ్చి పట్టించిన మహానుభావుడు రేకులాయన. ఇళ్ళ కప్పులకు రేకులు వేస్తాడు, అందుకని ఆ పేరు. ఇరవై ఏడేళ్ళ కిందట, చలికాలం మొదట్లో, పైవరుసలో ఒక ఇంటి చూరు రేకు మారుస్తుంటే పిట్టలు వదిలేసిన పాత గూడొకటి ఊడి ఆయన చేతిలో పడింది. తెచ్చి మా బల్ల మీద పెట్టి, "ఇదిగో పరుపులక్కా, పైవరుసలో నీకు పోటీ దుకాణం తెరిచారు. సరుకు ఎలా ఉందో చూడు" అన్నాడు.

ఆయన వేళాకోళానికే అన్నాడు. అక్క మాత్రం కళ్ళజోడు తుడుచుకుంది. బల్ల మీద పాత కాగితం పరిచి, పెద్ద సూదితో ఆ గూటిని ఒక్కొక్క పోగూ లాగి విప్పడం మొదలుపెట్టింది. సాయంత్రానికి ఆసుపత్రి వాళ్ళకు పన్నెండు దిండ్లు ఇవ్వాలి. నేను గొంతు చించుకుంటున్నాను. నా అరుపులు ఆవిడకు యంత్రం చప్పుడుతో సమానం.

"చూడవే" అంది చివరికి. "బయట నాచు, పీచు వేళ్ళు. దాని లోపల గొర్రెబొచ్చు. అన్నిటికన్నా లోపల ఈకలు. మూడు పొరలు."

"అయితే ఏంటట?"

"ఈ పక్క గోడ రెండు వేళ్ళ మందం ఉంది, ఆ పక్క నాలుగు. ఎందుకు?"

"పిట్టకు కొలత తప్పి ఉంటుంది. దానికేమన్నా టేపు ఉందా?"

అక్క నన్ను వదిలేసి రేకులాయనను అడిగింది, చూరు కింద ఆ గూడు ఎటు తిరిగి ఉందని. ఆయన చేతులు గాల్లో అటూ ఇటూ తిప్పి, ఇల్లు, చూరు, నిచ్చెన అన్నీ గుర్తు తెచ్చుకుని, "ఈ మందం పక్కేనక్కా, లోయలోంచి గాలి కొట్టే వైపు" అన్నాడు. అంత వేళాకోళం మనిషీ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నేను కూడా, ఎందుకు అబద్ధం.

ఆ పిట్టను మా ఊళ్ళో గోడపిట్ట అంటారు. గుప్పెడంత కూడా ఉండదు. బూడిదరంగు ఒళ్ళు, ఇటుకరంగు తోక. రాతిగోడల సందుల్లో, చూరుల కింద గూడు పెడుతుంది. కింది బజారులోనూ ఉంటుంది, పైవరుసలోనూ ఉంటుంది. వారం తిరక్కుండా అక్క కింది బజారులోని పాత గూడు ఒకటి తెప్పించి అదే బల్ల మీద విప్పింది. అదే పిట్ట, అదే అల్లిక. కానీ ఒకటే పొర, మధ్యలో నాలుగు ఈకలు. రెండూ మా తక్కెడలో పెడితే, పైగూడు కిందిదానికి రెండింతలకు పైన తూగింది.

"కింద మూడు కిలోలు, పైన ఆరు" అంది అక్క. ఆ రోజు ఆవిడ మొహంలో వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది. తన పని తెలిసిన మనిషి ఇన్నాళ్ళకు ఇంకొకరు కనపడ్డారన్నట్టు చూసింది ఆ గూటిని.

అప్పటి నుంచి ప్రతి ఏడూ పిల్లలు ఎగిరిపోయి, గూళ్ళు ఖాళీ అయ్యాక రేకులాయన మూటలు మోసుకొచ్చేవాడు. "పిట్ట ఉన్న గూటి జోలికి వెళ్ళావో, నీ నిచ్చెన విరగ్గొడతాను" అని ముందే చెప్పింది. ప్రతి గూటికీ ఒక పాత దిండు గలీబు, దానికి సూదితో గుచ్చిన చీటీ. ఏ వరుస, గాలి ఎటు, ఎన్ని పొరలు, ఏ పొరలో ఏముంది. నాలుగో తరగతి అక్షరాలు, ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. కొత్త బట్టల తానులు పెట్టుకోవాల్సిన నా అల్మారా మొత్తం గలీబులతో నిండిపోయింది. "ఈ చెత్త పారేస్తావా, నన్ను పారేస్తావా?" అని అడిగాను ఒకసారి. "నువ్వు ఎక్కువ చోటు తీసుకుంటున్నావు" అంది. మాట్లాడకపోవడమే గాని, మాట్లాడితే అలా ఉంటుంది.

ఆ గలీబుల్లోంచే ఎన్ని సంగతులు తెలుసుకుందని! పైవరుస గూట్లో దొరికిన ఈకను, కింది బజారు ఈకను పక్కపక్కన పెట్టి చూపించింది. రెండూ అదే పిట్టవి, ఒకే పొడవు. పైదానికి కాడ మొదట్లో మెత్తని నూగు ఎక్కువ. దిండ్లకు ఈకలు ఎంచే చేతికి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది. రేకులాయన నిచ్చెన మీద నుంచి చూసిన గుడ్ల లెక్క చెప్పేవాడు. కింది బజారులో అయిదు, ఆరు. పైవరుసలో మూడు, ఎప్పుడన్నా నాలుగు. "పైపిట్టకు బలం లేదేమో" అన్నాను నేను. "కాదే. అయిదుగురిని చలిలో వణికించే బదులు ముగ్గురిని వెచ్చగా పెంచుకుంటోంది. బుద్ధిమంతురాలు" అంది అక్క. పైవరుస పిట్టలు గూడు మొదలుపెట్టేది కూడా కిందివాటికన్నా రెండు వారాలు వెనక. చలి విరిగిందని నమ్మకం కుదిరితేగాని పుల్ల ముట్టుకోవు. ఇదంతా ఎవరూ నేర్పకుండా, ఎవరూ అడగకుండా, రజాయిల మధ్య కూర్చుని పట్టుకుంది మా అక్క. మీరే చెప్పండి, గర్వపడనా?

ఇక అసలు కథ. అయిదేళ్ళ కిందట.

పైవరుస ఇళ్ళకు ఆధారంగా కొండ అంచున పొడవాటి రాతిగోడ ఉంది. మట్టి జారకుండా ఎప్పుడో పెద్దవాళ్ళు కట్టింది. రాయికీ రాయికీ మధ్య అరచెయ్యి పట్టే సందులు. పైవరుస గోడపిట్టల ఊరంతా ఆ సందుల్లోనే. ఆ ఏడు వానలకు గోడ కడుపు ఉబ్బింది. కూలితే పదహారు ఇళ్ళు దొర్లిపోతాయి. మునిసిపాలిటీ ఇంజినీరు చలికాలంలోపు సందులన్నీ సిమెంటుతో మూయించాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. పైగా ఆయన మంచివాడు. పిట్టలు ఎక్కడికి పోతాయని తనంతట తానే ఆలోచించి, నలభై చెక్కపెట్టెలు చేయించి ఆ గోడకే వరుసగా బిగించాడు.

అక్క పైకెళ్ళి ఒక పెట్టెలో చెయ్యి పెట్టి చూసింది. "చెక్క పలచన. లోపల చలి కోస్తోంది. వెచ్చగా ఏదన్నా వెయ్యాలి" అంది ఇంజినీరుతో.

"పిట్టలకు కూడా పరుపులు కావాలా అమ్మా?" అని నవ్వాడాయన. చెడుగా నవ్వలేదు. కానీ చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. అక్కకు ఆ నవ్వు గుచ్చుకుంది.

ఇంటికొచ్చి మా దగ్గరున్న మొదటి రకం దూది తీసింది. మూడుసార్లు ఏకింది. పసిపిల్లల పక్కలకు కూడా రెండుసార్లే ఏకుతాం. చలి విరిగే ముందు రేకులాయన నిచ్చెన వేస్తే, ఒక్కొక్క పెట్టెలో గుండ్రంగా, గుంట చేసి, అంచులు నొక్కి మరీ పరిచింది. ఇరవై ఎనిమిది పెట్టెల్లో పెట్టింది. మిగతా పన్నెండు గోడ మలుపులో లోయ మీదికి ఉన్నాయి, నిచ్చెన నిలవలేదు. వాటిని వదిలేశారు.

పిట్టలు వచ్చాయి. పెట్టెల్లో దూరాయి. ఊరంతా సంబరపడింది. నాకైతే ప్రతి మనిషినీ ఆపి, లోపల పరుపులు వేసింది మా అక్కేనని చెప్పాలని నాలుక దురద. అక్క ఒట్టు వేయించుకుంది, "పిల్లలు ఎగిరాక చెప్పుకుందువుగాని, అంతదాకా ఆగు" అని. నెలకు పైగా ఆగాను. నా జన్మలో అంత కష్టపడింది లేదు. అలా, ఆ దూది సంగతి మా ఇద్దరికీ, రేకులాయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

పిల్లలు గుడ్లు పగిలి వచ్చిన వారానికి మంచు దిగింది. నాలుగు రోజులు ఎదుటి మనిషి కనపడలేదు. పొగమంచు, సన్న వాన, వానలో మంచు పలుకులు. అయిదో రోజు తెరిపిచ్చింది. పైవరుస నుంచి కూతలు వినపడలేదు.

అక్క, నేను, రేకులాయన పైకెక్కాం. మొదటి పెట్టె మూత తీసి అక్క చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత రెండోది, మూడోది. దూది నీళ్ళు పీల్చుకుని, అణిగిపోయి, తడిగుడ్డ ముద్దలా ఉంది. దాని మీద పిల్లలు. ఒక్కటీ బతికి లేదు. సిద్ధంగా మెత్తని పక్క ఉందని తల్లులు నమ్మి, పైన నాలుగు ఈకలు వేసుకుని ఊరుకున్నాయి. ఇరవై ఎనిమిది పెట్టెలూ తెరిచింది. నేను మధ్యలో ఆపబోయాను, చెయ్యి తోసేసింది.

ఇక మిగిలిన పన్నెండు. రేకులాయన నడుముకు తాడు కట్టుకుని మలుపులోకి దిగాడు. కాసేపటికి కింద నుంచి అరిచాడు, "అక్కా! ఇక్కడ బతికే ఉన్నాయి! నోళ్ళు తెరుస్తున్నాయి!" పన్నెండింటిలో తొమ్మిది పెట్టెల్లో పిల్లలు బతికాయి. అవే పలచని చెక్కలు, అదే గాలి, అదే వాన. తేడా ఒక్కటే, వాటిలో పరుపు పిట్టలే వేసుకున్నాయి. నాచు, గొర్రెబొచ్చు, ఈకలు.

ఇంటికొచ్చాక అక్క అల్మారాలోని గలీబులన్నీ కింద పోసింది. చీటీలు చదువుతూ, గూళ్ళు విప్పిన పోగులు మళ్ళీ మళ్ళీ తిరగేస్తూ కూర్చుంది. నేను టీ పెట్టి తెచ్చాను, తాగలేదు.

"మన కిటికీలోంచి దూది నూగు ఊరంతా ఎగురుతుంది కదే" అంది. "కింది బజారు గూళ్ళలో అది ఉంది. నేనే రాశాను చీటీల మీద, 'మన దూది' అని. పైవరుసవి నూటముప్పై ఒకటి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళవి. ఒక్కదాంట్లో ఒక్క పోగు దూది లేదు. ఊరికే దొరుకుతుంటే కూడా అవి ముట్టుకోలేదు."

"నీకెలా తెలుస్తుందక్కా..."

"నాకే తెలియాలి. నా కళ్ళ ముందే ఉంది. చూడలేదు. దూది నా వస్తువు కదా, అది చెడ్డదయ్యే చోటు ఒకటి ఉంటుందని నాకు తోచనే లేదు." అని బల్ల మీద తల పెట్టుకుంది. మా నాన్న పోయిన రోజు కూడా అలా చూడలేదు నేను ఆవిడను.

ఊరు మాత్రం ఇంజినీరు మీద పడింది. డబ్బాలు చేయించి పిట్టల్ని చంపాడు, సిమెంటు మనిషికి ప్రాణం విలువ ఏం తెలుసు, ఇలా. నోళ్ళకు తాళాలుండవు కదా. నలభై పెట్టెలూ ఊడబీకించాలని పైవరుస వాళ్ళు మునిసిపాలిటీకి కాగితం పెట్టారు. చైర్మన్ గారు సోమవారం మీటింగు పెట్టి తేలుస్తానన్నారు. మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా దుకాణంలో కూర్చున్నాం.

శనివారం అక్క అంది, "నేను మీటింగులో చెప్పేస్తానే."

"నీకేమన్నా మతి పోయిందా? ఎవరడిగారు నిన్ను? పరుపులక్క పరుపు వేస్తే ప్రాణాలు పోయాయంటే, రేపటి నుంచి ఈ గడప ఎవరు తొక్కుతారు? నాన్న పేరు, నీ పేరు, అన్నీ గంగలో కలిసిపోతాయి. నోరు మూసుకుని కూర్చో. నీకు అలవాటైన పనే కదా!"

అవును, నేనే అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. కానీ అనలేదని ఎలా చెప్పను?

"పెట్టెలు తీసేస్తారే" అంది అక్క.

"తీసేస్తే తీసేయనీ. కింది బజారుకు దిగి వస్తాయి. ఊరేమన్నా గొడ్డుపోయిందా?"

"పైవరుస పిట్ట రెండు వారాలు ఆలస్యంగా మొదలుపెడుతుంది. అది దిగేసరికి కింద సందులన్నీ కిందివి పట్టేసుకుని ఉంటాయి. సందులు మూసేశారు, పెట్టెలు తీసేస్తే దానికి ఎక్కడా చోటు లేదు. ఒక్క ఏడు గూడు పెట్టకపోతే, ఆ మరుసటి ఏడు పైవరుసకు వచ్చే పిట్ట ఎక్కడుంది?" ఆవిడ అంత పెద్ద మాట ఒక్క ఊపిరిలో మాట్లాడటం అదే మొదలు. "నా పేరు పోతే నాకు పోతుంది. తప్పు పెట్టెది కాదు, నాది. ఆ సంగతి చెప్పగలిగేది నేనొక్కదాన్నే."

సోమవారం మునిసిపాలిటీ హాలు ఇనుప కుర్చీలతో కిక్కిరిసింది. ఇంజినీరు ఒక మూల, మెడకు మఫ్లరు చుట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు. పైవరుస వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి దులిపేస్తున్నారు. నేను అక్క పక్కనే కూర్చుని ఆవిడ కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ లేచింది. కొంగు నా చేతిలోంచి జారిపోయింది.

చేతిలో ప్లాస్టిక్ బకెట్. అందులోంచి రెండు వస్తువులు తీసి చైర్మన్ గారి బల్ల మీద పెట్టింది. ఒకటి తను వేసిన దూది పక్క, ఎండబెట్టింది. రెండోది మలుపులోని పన్నెండు పెట్టెల్లో, గూడు కట్టి కూడా గుడ్లు పెట్టకుండా వదిలేసిన ఒక పెట్టెలోని గూడు. బల్ల మీదున్న గ్లాసు తీసి సగం నీళ్ళు దీని మీద, సగం దాని మీద పోసింది. కాసేపు ఆగి దూదిని పిండింది. నీళ్ళు ధారగా కారాయి. గూటిని ఎత్తి ఒక్కసారి విదిలించింది. లోపలి ఈకల్లో వేలు పెట్టి, ఆ వేలు చైర్మన్ గారికి చూపించింది. పొడిగా ఉంది.

"ఇది నేను పెట్టాను" అంది దూది చూపించి. "ఇరవై ఎనిమిది పెట్టెల్లో. ఎవరికీ చెప్పకుండా. పిల్లలు చచ్చింది వాటిలోనే. నేను ముట్టుకోని వాటిలో బతికాయి. ఇంజినీరు గారి తప్పేం లేదు. పెట్టెలు తియ్యకండి. ఇంకొక్క ఏడు ఉండనివ్వండి."

వెనక నుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. "పిట్టల్ని నిద్రపుచ్చమంటే పరుపులక్క మళ్ళీ లేవకుండా నిద్రపుచ్చింది!"

నలుగురు నవ్వారు. అంతే, నాలో ఏదో తెగింది. రెండు రోజులు ఆవిడ నోరు నొక్కాలని చూసినదాన్ని, కుర్చీ తన్నేసి లేచాను. "ఎవడ్రా నవ్వింది? లేచి నిలబడు! నీ బతుకులో ఒక్కసారి, ఒక్క తప్పు, అడగకుండా ఒప్పుకున్నావా? నాలుగు రోజులుగా ఆ మూల మనిషిని తిడుతుంటే ఆవిడ హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. ఎవరికి తెలుసు? వచ్చింది. నీళ్ళు పోసి మరీ చూపించింది. ఈ హాల్లో ఇంకెవరికుంది అంత దమ్ము? నాకు లేదు, నీకసలే లేదు!" ఇంకా చాలా అన్నాను. దూది ఏకినట్టు ఏకిపారేశాను. నవ్విన వాడు కుర్చీలో కుంచించుకుపోయాడు.

చివరికి ఇంజినీరు లేచాడు. "పెట్టెలు ఉంచుదాం. ఈసారి అమ్మగారు చెప్పినట్టు మారుస్తాను" అన్నాడు. చైర్మన్ గారు ఒక్క ఏడు గడువిచ్చారు. అప్పటికీ పిట్టలు నిలవకపోతే పెట్టెలు తీసేయడమే.

నేను భయపడినట్టే, పైవరుస నుంచి ఆ ఏడంతా ఒక్క మనిషి కూడా రజాయికి రాలేదు. అక్క ఆ ఖాళీని వాడుకుంది. చీటీలన్నీ బల్ల మీద పరిచి, గూడు గోడలు ఎటు మందంగా ఉన్నాయో ఇంజినీరుకు చూపించి, పెట్టెల నోళ్ళన్నీ గాలికి పెడగా తిప్పించింది. చెక్క రెండు పలకల మందం చేయించింది. లోపల మాత్రం ఏమీ పెట్టలేదు. చలి విరిగే వేళకు పైవరుస మెట్ల పక్కన కమ్మీలకు వలసంచులు కట్టింది. ఒకదాంట్లో కడగని గొర్రెబొచ్చు, ఒకదాంట్లో నాచు, ఒకదాంట్లో కోడి ఈకలు.

"పరుపు మనం వెయ్యకూడదు" అంది నాతో. "సరుకు పెట్టి పక్కకు తప్పుకోవాలి. కుట్టుకోవడం వాటికి వచ్చు."

పిట్టలు వచ్చాయి. సంచుల్లోంచి బొచ్చు లాక్కుపోవడం మా కళ్ళతో చూశాం. పిల్లలు బయటపడ్డాక, నేను మొక్కుకోని దేవుడు లేడు, మళ్ళీ మంచు దిగింది. ఈసారి అయిదు రోజులు. అక్క ఆ అయిదు రోజులూ యంత్రం వెయ్యలేదు. ఆ చప్పుడులో పైనుంచి ఏమన్నా కూత వస్తే వినపడదని.

ఆరో రోజు పొద్దున మెట్లెక్కాం. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి, ప్రతి ఇరవై మెట్లకూ ఆగింది. పైకి ఇంకా నలభై మెట్లుండగానే వినపడింది. ఒకటి కాదు, పది కాదు, గోడంతా కిచకిచలు. రేకులాయన, ఇంజినీరు మా కన్నా ముందే వచ్చి లెక్క చూస్తున్నారు. నలభై పెట్టెల్లో ముప్పై నాలుగింటిలో గూళ్ళు. ముప్పై ఒకటిలో పిల్లలు నిక్షేపంగా ఉన్నాయి. అక్క ఆ మెట్ల మీదే కూలబడి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆవిడకన్నా గట్టిగా ఏడ్చాను. ఎవరి అక్క అనుకున్నారు మరి?

ఆ వారం పైవరుస నుంచి మొదట రజాయికి వచ్చింది, ఆ రోజు హాల్లో నవ్విన మనిషి భార్య. "తప్పు దాచని చెయ్యి, కుట్టు మాత్రం దాస్తుందా" అంది. ఆరు కిలోలది కుట్టాం.

మునిసిపాలిటీ వాళ్ళు గోడ దగ్గర బోర్డు పెడతామన్నారు. పరుపులక్క సేవలకు కృతజ్ఞతతో, అని ఏదో పొడుగాటి రాత రాసుకొచ్చారు. అక్క ఆ కాగితం చదివి తిరిగిచ్చేసి, తనే చెప్పి రాయించింది. నేను వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు. ఆ బోర్డు ఇలా ఉంటుంది:

"ఈ పెట్టెల్లో ఎవరూ దూది వెయ్యకండి. నేను వేశాను. ఇరవై ఎనిమిది గూళ్ళు పోయాయి. — పరుపులక్క"

పోయిన నెల విశ్వవిద్యాలయం నుంచి ఒకావిడ విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చింది. కొండపక్షులు చోటును బట్టి ఎలా మసులుకుంటాయో చదువుతారట. రెండు రోజులు మా దుకాణంలోనే కూర్చుని గలీబులన్నీ విప్పి చూశారు, చీటీలన్నీ ఫోటోలు తీసుకున్నారు. మంచిదే. వెళ్ళేముందు ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "ఇంత గొప్ప పని చేసిన మనిషి గురించి బోర్డు మీద ఆ మాట బాగోలేదండీ. ఆ రెండు ముక్కలూ తీసేయించమని మీరు చెప్పి చూడండి" అంది.

నేను చెప్పలేదు. ఏటా వానలకు ఆ బోర్డు రంగు వెలిసిపోతుంది. తిరిగి రాసేది నేనే. డబ్బా, కుంచె పట్టుకుని మూడు వందల పన్నెండు మెట్లెక్కుతాను. అన్ని అక్షరాలకూ ఒక పూత వేస్తాను. ఇరవై ఎనిమిదికి మాత్రం రెండు.